పత్తిలో పెట్టిన పెట్టె

వినుకొండ నుంచి గుంటూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న రైతు ఒళ్లో చిన్న రేకు పెట్టె ఉంది. దాని చుట్టూ తన చేలో పత్తి కుక్కి, పైన తువ్వాలు చుట్టాడు. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా దాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకునేవాడు.

“కారు కంప్యూటరండి,” అన్నాడు నేను చూడటం గమనించి. “ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పాడైతే, మా మెకానిక్ వేరే మోడల్‌ది పాతది తెచ్చి బిగించాడు. అప్పట్నుంచి బండి మూడో గేరు దాటట్లేదు. కంప్యూటర్ పోయిందంట. బాగు చేయించుకోమని ఆయనే ఊడదీసిచ్చాడు. మంచోడండి.”

కంప్యూటర్ పోలేదు. మార్చిన గేర్‌బాక్స్‌కి తగ్గట్టు దాని ప్రోగ్రామ్ మార్చాలి, అంతే. నాకు తెలుసు, నేనూ మెకానిక్‌నే. కిందటి నెలే ఇదే పొరపాటు చేసి, ఒక కస్టమర్‌కి ఇదే అబద్ధం చెప్పాను.

“మీరేం చేస్తుంటారండి?” అన్నాడు.

“మిర్చి వ్యాపారం,” అన్నాను.

గుంటూరులో దిగేటప్పుడు, పైనున్న సంచీ తీసుకోవడానికి పెట్టె నా చేతికిచ్చాడు.

“జాగ్రత్తండి, అసలే పోయింది.”

నేనూ రెండు చేతులా పట్టుకుని, జాగ్రత్తగా తిరిగిచ్చాను.

మర్నాడు నా కస్టమర్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆ రైతుని మాత్రం బస్సులో ఏ ఊరని కూడా అడగలేదు.