లైటు కింద ఎర్రచేప

రేపల్లె నుంచి తెనాలికి కోడలిగా వచ్చిన జానీ బీకి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. భర్త గులాం మొహిద్దీన్ పోయాక అతని అక్వేరియం కొట్టు తనే నడుపుతోంది. ఊళ్లో ఎవరి గాజు తొట్టెలో చేప నలతగా ఉన్నా ఆమెకు అన్నం సయించదు. అలాంటి మనిషితో వేగడం కష్టం. పక్క కొట్టు నాది కాబట్టి చెబుతున్నాను.

2006లో బట్టల కొట్టు పూర్ణచంద్రరావు కోసం మద్రాసు నుంచి ఒక సముద్రపు చేపను తెప్పించింది. మూరెడుకు కాస్త తక్కువ, కుంకుమ రంగు, రూపాయి బిళ్లంత కళ్లు. ఆయన కొట్లో ఉన్న తొట్టెలో వదిలీ వదలగానే అది రాళ్ల సందులో దూరింది. మేత ముట్టలేదు. నీళ్లు పడలేదనుకుని జానీ బీ క్యాన్లు పట్టుకుని బాపట్ల రైలెక్కింది. సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లు తెచ్చి మార్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ మార్చింది. చేప ఇంకా చిక్కిపోయింది. ఈమె కూడా.

చివరికి మద్రాసు వ్యాపారికి ఫోన్ చేస్తే అతను నవ్వాడట. అది చీకట్లో తిరిగే చేప, వెలుగుంటే బయటికి రాదు, తినదు అన్నాడట.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఈశాన్యం మూల తొట్టె మీద లైటు ఆరితే లక్ష్మి వెళ్లిపోతుందని పూర్ణచంద్రరావు నమ్మకం. రాత్రి షట్టరు దించినా అది వెలగాల్సిందే. కరెంటు పోతే జనరేటరు ఉండనే ఉంది.

"లైటాపండి అన్నయ్యగారూ, చచ్చిపోద్దది!"

"ఏంటమ్మా ఆపేది? కనపడని చేప నాకెందుకు చెల్లెమ్మా?"

రోజూ వెళ్లి బతిమాలింది, పోట్లాడింది. నాకైతే ఆయన్ని నాలుగు దులిపేయాలనిపించింది.

ఒక సాయంత్రం చీకటి పడుతుండగా కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. జానీ బీ రొయ్యల పొట్లం పట్టుకుని పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్లాను. తొట్టెలో ఒక రొయ్య వేసి నిలబడింది. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఉన్నట్టుండి నీళ్లు చిందాయి.

"తిందండీ!" అంటూ జానీ బీ ఏడ్చేసింది.

"ఏదీ, నాకేం కనపడట్లేదు. టార్చి తెండిరా!" అన్నాడు పూర్ణచంద్రరావు.

"టార్చి వేశారంటే ఊరుకోను. చెయ్యి ఇటివ్వండి."

ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి అరచేతిలో పచ్చిరొయ్య పెట్టింది. ఆయన ఛీఛీ అన్నాడు గానీ పారేయలేదు. రెండు వేళ్లతో దాని తోక పట్టుకుని నీళ్లలో ముంచాడు.

"లాగిందమ్మా! లాక్కుపోయింది! ఇంకోటివ్వు!"

అంతలో కరెంటు వచ్చింది. తొట్టె మీద లైటు వెలిగింది, చేప రాళ్లలోకి దూరిపోయింది. జానీ బీ నోరు తెరిచేలోపే పూర్ణచంద్రరావు తడిచేత్తోనే స్విచ్ ఆపేశాడు.