ఇంజిన్ మీద జిడ్డు

బానెట్ ఎత్తిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోయేది. ఇంజిన్ పక్కంతా నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము అతుక్కుని అన్నం గిన్నె అడుగున మాడులాగా గట్టిపడింది. ఇంజిన్ పై మూత కిందుండే రబ్బరు గ్యాస్కెట్ చెమ్మ వదులుతోందని మార్పించి నెల కూడా కాలేదు. అప్పుడున్నది చెమ్మే. ఇప్పుడు ఇంటి ముందు నేల మీద కూడా మరకలు.

నేను నెమ్మదిగా అడిగే రకం కాదు. నేరుగా గ్యాస్కెట్ మార్చిన మెకానిక్ షెడ్డుకు పోయాను. ఆ మెకానిక్ పదేళ్లుగా మా కారు పని చూస్తున్న మనిషి, నేను అన్నా అని పిలుస్తాను. అక్కడ నలుగురు తమ బండ్ల కోసం నిలబడి ఉన్నారు. వాళ్లందరూ వినేటట్టే అన్నాను, కొత్త గ్యాస్కెట్ అని చెప్పి పాతదే తుడిచి బిగించావని. కొత్తదే వేశానని ఆయన ఒక్కసారి చెప్పాడు, మళ్లీ నోరెత్తలేదు. ఆ ఊరుకోవడమే తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను. అంతటితో ఆగానా, హోటల్ దగ్గర, మా వీధిలో, కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, అటు పోవద్దని.

ఆదివారం పొద్దున నేనే పనికి దిగాను. డబ్బాలో డీజిల్, పాత టూత్‌బ్రష్, చినిగిన బనియన్లు. ఆయన మోసాన్ని చేత్తో పట్టుకుపోయి ఆయన ముందే పడేయాలని నా పంతం. మూత విప్పి చూస్తే గ్యాస్కెట్ కొత్తదే. మెత్తగా ఉంది, ఒక్క పగులు లేదు. దాంతో నా కోపం ఇంకా పెరిగింది. మరి ఈ ఆయిల్ ఎక్కడిది?

మూత బిగించి, జిడ్డును రుద్దుకుంటూ అది ఎక్కువగా ఉన్న వైపు పోయాను. ఆయిల్ ఎంతుందో చూసే గేజ్ దగ్గర తేలాను. ఆ సన్నటి కడ్డీ పిడి కింద ఏదో ఉబ్బుగా ఉంది. డీజిల్ పోసి తుడిస్తే నలుపులోంచి ఎరుపు బయటపడింది. ఏడుపాయల గుడిలో ఇచ్చిన అమ్మవారి దారం. గ్యాస్కెట్ మార్పించిన మరుసటి వారమే అక్కడ కారుకు పూజ చేయించి, నా చేతులతో నేనే కట్టాను. అందరూ స్టీరింగుకు కట్టుకుంటారు. హవేలిఘనపూర్‌లో మా పొలం మోటారుకు కట్టే అలవాటు కొద్దీ నేను ఇంజిన్‌కే కట్టాలనుకున్నాను. ఏడు చుట్లు, మూడు ముళ్లు. ఆ లావుకు గేజ్ పూర్తిగా దిగలేదు. కారు నడిచినప్పుడల్లా ఆ సందులోంచి ఆయిల్ చిమ్ముతూ వచ్చింది.

నా మీద నాకే అసహ్యం వేసింది. చేతి పని మీద బతికే మనిషి పేరు చెడగొట్టాను. అయినా నా తెలివి చూడండి, నలుగురున్న వేళ పోలేదు. మరునాడు మధ్యాహ్నం షెడ్డు ఖాళీగా ఉండడం చూసుకుని పోయాను. దారం చూపించి, తప్పు నాదేనని గొంతు తగ్గించి చెప్పాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"గా మాట నల్గురి ముంగట అన్నవ్ తమ్మీ. గిది గూడ నల్గురి ముంగటనే చెప్పు."

ఆ మాటకూ నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. ఎవరైనా వస్తే చెప్పేసి లేచిపోదామని అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నాను. ఆయన పానాలు తుడిచి వరసగా పేర్చాడు, మళ్లీ తీసి తుడిచాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఒక్క బండి కూడా రాలేదు.