అవే మార్కులు

ఈ రోజు లా కాలేజీ దరఖాస్తుకు మార్కుల నకళ్లు టైపు చేయించడానికి కడప కోర్టు దగ్గరికి వెళ్లాను. చరిత్రలో నాకు డెబ్బై ఒకటి, ఇంగ్లీషులో ముప్పై ఆరు. ఈ మార్కులకు మద్రాసులో సీటిస్తారో, హైదరాబాదులో ఇస్తారో తేలక సతమతమవుతున్నాను. టైపు కొట్టే సాయిబు నా కాగితం చూసి, పెట్టెలోంచి దుమ్ము పట్టిన నకళ్లు తీశాడు. అవే మార్కులు. పేరు మాత్రం వేరు.

"ఈయప్ప కూడా నీ మాదిరే అడిగినాడు, మద్రాసా హైదరాబాదా అని."

"యాడ సీటొచ్చింది సాయిబూ?"

"ఏమోనప్పా. టీ తాగొస్తానని పోయినాడు, మళ్లా రాలే. మూడేండ్లాయె. నువ్వూ టీ తాగి రాపో, అంతలో కొట్టిపెడ్తా."

టైపు పూర్తయ్యేదాకా నేను బల్ల మీదనుంచి లేవలేదు. దరఖాస్తులు రెండు ఊళ్లకూ పంపాను. మీరైతే టీకి వెళ్లేవారా?