నేను విన్న జెనోవా

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకు మా ఆయన జెనోవాలో బూట్లు తొడుక్కునేవారు. అక్కడ అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. ఇక్కడ మేముండే సెంబవాంగ్‌లో నేను చెప్పులు వేసుకుని, ఫోను చెవికి ఆనించుకుని మా ఫ్లాట్ల బ్లాకు మెట్లు దిగేదాన్ని. ఆయన ఓడల మరమ్మతు ఇంజనీరు. కంపెనీ ఆ ఇటలీ రేవుకు పంపింది. అమ్మాయికి పెద్ద పరీక్షల ఏడు కావడంతో తనూ నేనూ ఇక్కడే ఉండిపోయాం. ఏడాదిన్నరపాటు ఆదివారాలన్నీ ఆయనా నేనూ అలా చెరో ఊళ్ళో ఉండి కలిసి నడిచాం.

వీడియోలో చూపిస్తానని మొదట్లో అన్నారు. "అప్పుడు మీరు ఫోను చూస్తారు, ఊరు చూడరు" అని నేనే వద్దన్నాను. అసలు సంగతి వేరు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. తాతగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. సాయంత్రాలు ఆయన పురాణం చదువుతుంటే వినడమే నా పని. చూసినదానికంటే విన్నదే నాకు బాగా కనిపిస్తుంది. అమ్మాయి నవ్వి, ఇక్కడి పిల్లల యాసలో అనేది:

"అమ్మా, ఆ సిటీ మొత్తం యూట్యూబ్‌లో ఉంది. జస్ట్ వాచ్ లా."

ఈ రోజుకీ చూడలేదు.

రేవు వెనకే పాత పేట ఉందట. సందులు ఎంత ఇరుకంటే, ఆయన చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవట. పైన ఆరో అంతస్తు దాకా బట్టలు ఆరేసిన తాళ్ళు, వాటి మధ్య తువ్వాలంత ఆకాశం. చేపల వాసన, తడి రాయి వాసన, ఎవరో గట్టిగా పోట్లాడుకుంటున్న గొంతులు. మలుపు మలుపుకీ గోడ గూట్లో బిడ్డను ఎత్తుకున్న మరియమ్మ తల్లి, ఆవిడ ముందు చిన్న దీపం.

"నా తరఫున దణ్ణం పెట్టండి."

"పెట్టాను."

"బూట్లు విప్పారా?"

"ఈ చలిలో లేసులు విప్పమంటావా? ఆవిడేం అనుకోదులే."

గుడికి రమ్మంటే చెప్పులకు కాపలా ఉంటాననే మనిషి ఆయన. ఒక ఆదివారం ఒక గూట్లో బల్బు వెలగడం లేదన్నారు. "అయ్యో, ఎవరికైనా చెప్పండి" అన్నాను. "నాకొచ్చిన ఇటాలియన్ రెండు మాటలు. రెండూ కాఫీ గురించే" అన్నారు. ఆ వారమంతా నేను దీపం పెట్టినప్పుడల్లా ఆ చీకటి గూడే మనసులో మెదిలింది. తర్వాతి ఆదివారం అది వెలుగుతోందని చెప్పారు. ఎవరు మార్చారో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ తల్లికి, ఈయనకు ఒకేసారి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ సందుల చివర కొండలోకి తవ్విన దారి, దాని చివర లిఫ్టు. అది ఎక్కి పైన దిగితే వేరే ఊరే. వెడల్పు వీధులు, ఇనుప గేట్లు, బెంచీల మీద కుక్కపిల్లలతో ముసలమ్మలు. ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. కిందికి చూస్తే నల్లరాతి పలకల కప్పులు, ఆ వెనక సముద్రం. ఆయన అది చెప్పే వేళకి నేనూ ఫ్లాట్లు దాటి, దొరల కాలంనాటి తెల్ల బంగళాలున్న చెట్ల దారిలోకి వచ్చేదాన్ని. ఇద్దరికీ ఒకేసారి నిశ్శబ్దం ఎదురయ్యేది. కాసేపు ఫోనులో ఆయన ఊపిరి మాత్రమే వినిపించేది.

పదిహేనో నెలలో కంపెనీ వాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు.

"ఏం చెప్పమంటావు?" అని అడిగారు ఆయన.

రెండు రోజులు దేవుడి ముందు కూర్చున్నాను. ఆ ఊళ్ళో ఆయన గొంతు ఎంత తేలిగ్గా ఉండేదో నాకు తెలుసు. అయినా మూడో రోజు "వచ్చేయండి" అన్నాను. మాట మీరలేదు. చెప్పిన గడువుకే క్షేమంగా ఇల్లు చేరారు. ఆ దయకు నేనెన్ని దీపాలు పెట్టినా చాలదు.

కానీ వచ్చిన మనిషి మాట్లాడడం మానేశారు. కోపమేం లేదు. టీ ఇస్తే తాగుతారు, కూర బాగుందంటారు. ఆదివారం నాతోపాటే సముద్రం ఒడ్డుకి వస్తారు, నాలుగడుగులు ముందు నడుస్తారు. నాకు మాత్రం మూడున్నరయ్యేసరికి చెవి తపించేది. ఇంట్లో మనిషిని పెట్టుకుని ఆయన గొంతు కోసం బెంగపెట్టుకోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

పోయిన వారం ఒడ్డున కూర్చున్నప్పుడు అడిగేశాను.

"అక్కడుంటేనే బాగుండేదా మీకు?"

"అదేం మాట?"

"అన్ని కబుర్లు చెప్పేవారు."

ఆయన దూరంగా కనిపించే అవతలి ఒడ్డు వైపు చూస్తూ చెప్పారు. "ఆ సందులన్నీ నాకోసం తిరిగాననుకున్నావా? సెలవు రోజు నాకు నిద్రే ఇష్టం. నీకు చెప్పాలి కదా అని లేచేవాణ్ణి. పైకెక్కితే మోకాళ్ళు నొప్పి. నీకు చెప్పడానికి పోయిన వారం కంటే వేరే పేట కావాలి కదా."

అంతలోనే నావైపు తిరిగారు.

"ఇప్పుడు పక్కనే ఉన్నావు. అన్నీ నీకూ కనిపిస్తున్నాయి. ఇంకేం చెప్పను?"

"నాకు కనిపించేవి నాకెందుకండీ?" అన్నాను. అంతకంటే సరిగ్గా చెప్పడం రాలేదు. ఆయన లేచి ప్యాంటుకి అంటిన ఇసుక దులుపుకున్నారు.

నిన్న ఆదివారం. భోజనాలయ్యాక "నువ్వు ఇంట్లోనే ఉండు" అని ఒక్కరే వెళ్ళారు. కాసేపటికి ఫోను మోగింది.

"మన బ్లాకు దాటాను" అన్నారు కాస్త బెరుకుగా.

"ఊఁ."

"కార్ పార్కు."

"తర్వాత?"

"ఇంకో కార్ పార్కు. ఇక్కడేముంటుందే చెప్పడానికి."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇది జెనోవా కాదు, ఆ ఊరు ఇక నేను వినలేనని కొంచెం దిగులు కూడా వేసింది. ఫోను పెట్టేస్తారేమో అనుకున్నాను. పెట్టలేదు. అడుగుల చప్పుడు, బస్సు పోయిన చప్పుడు.

"ఉండు. ఇక్కడొక పెద్దాయన పక్షి పంజరం వేలాడదీస్తున్నాడు."

"ఏం పక్షి?"

"ఇంకా గుడ్డ కప్పే ఉంది. తీసేదాకా నిలబడతాను."

పొయ్యి మీద టీ పొంగబోతోంది. పొయ్యి కట్టేసి వచ్చి, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను.