నడిమి బాకా

ఇంగ్లండులో యార్క్‌షైర్ బొగ్గుగనుల ఊళ్లలో బాకా లేని ఇల్లు అరుదు. కోరి బారిటోన్ బాకా పట్టిన మనిషి మాత్రం ఇంకా అరుదు. పైపాట కార్నెట్ బాకాలది. నేల అదరగొట్టడం బాస్ బాకాలది. మధ్యలో తియ్యటి ముక్క ఏదైనా ఉంటే పెద్దపొట్ట యుఫోనియం ఎగరేసుకుపోతుంది. మిగిలిన సందులు పూడ్చేది బారిటోన్.

ఎల్లిస్ హోల్రాయిడ్ గనిలో దిగిన ఏడాదే ఊరి బాకాల బ్యాండులో చేరాడు. అప్పుడు ఖాళీగా ఉన్నది రెండో బారిటోన్ కుర్చీ. జుట్టు నెరిసినా అదే కుర్చీ. భార్య తమ్ముడు క్లారెన్స్ అతని తర్వాత చేరి, యుఫోనియం పట్టి, ఊళ్లో దొరబాబులా తిరుగుతున్నాడు.

"బావా, ఊదుతున్నావా, ఆవులిస్తున్నావా?" అనేవాడు సాధన గదిలో అందరి ముందూ.

"నీ పొట్టేదో బాకా పొట్టేదో ముందు తేల్చుకోరా" అనేవాడు ఎల్లిస్. అందరూ నవ్వేవారు. ఇంటికెళ్లాక ఎల్లిస్‌కు అన్నం సయించేది కాదు.

ఆ ఏడు బ్యాండుల పోటీకి ముందు గనిలో దుంగ తగిలి క్లారెన్స్ పెదవి చీలింది. బ్యాండుమాస్టరు థాక్‌రే తల పట్టుకున్నాడు.

"యుఫోనియం ముక్క నువ్వు ఊదవయ్యా ఎల్లిస్. వాడి బాకా తీసుకో."

"ఊదుతానండి. కానీ నా బారిటోన్ మీదే."

"దాని గొంతు సన్నంరా నాయనా!"

"ఒక్కసారి విననివ్వండి జనాన్ని. కాదంటే ఇంకొకణ్ని చూసుకోండి."

ఇంకొకడు లేడు.

పోటీలో న్యాయనిర్ణేతను గుడ్డలు కట్టి మూసేసిన గదిలో కూర్చోబెడతారు. ఊదేవాళ్ల ముఖాలు చూస్తే పక్షపాతం వస్తుందని భయం. బయట ఎల్లిస్ లేచి ఊదాడు. పక్కన క్లారెన్స్ వాచిన మూతితో, ఊదని యుఫోనియాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంతకాలం ఛాతీలో నొక్కిపెట్టుకున్న గొంతు ఎల్లిస్ బాకాలోంచి తొణక్కుండా బయటికి వచ్చింది.

న్యాయనిర్ణేత బయటికి వచ్చి ఫలితాలు చదివాడు. బ్యాండుకు రెండో స్థానం. "ఇక ఉత్తమ యుఫోనియం పతకం కూడా వీళ్లకే. ఇంత లేత యుఫోనియం నేనెక్కడా వినలేదు!"

ఎల్లిస్ లేవబోయాడు. థాక్‌రే చొక్కా పట్టి లాగాడు. "కూర్చో. మీ చెవి తప్పు విన్నదని పదిమందిలో ఆయనకి చెబుతావా? రెండో స్థానం కూడా పోగొడతావు."

యుఫోనియం పట్టుకున్నవాణ్నే న్యాయనిర్ణేత వేదిక మీదికి పిలిచాడు. క్లారెన్స్ తల వంచుకుని పతకం తగిలించుకున్నాడు.

తిరుగు బస్సులో అతనే వచ్చి ఎల్లిస్ పక్కన కూలబడ్డాడు. పతకం చేతిలో పెట్టాడు.

"ఇది నీది బావా. నాకు సిగ్గేస్తోంది."

"దానిమీద ఏం చెక్కారు?"

క్లారెన్స్ నసిగాడు. "యుఫోనియం."

"అయితే నాదెలా అవుతుందిరా?" పతకం అతని జేబులోకి తోసేసి, ఎల్లిస్ ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు.