బావల మధ్య కార్బురేటర్

నిన్న పొద్దున్న పాల ప్యాకెట్టు అందుకుందామని గుమ్మంలోకి వచ్చేసరికి, మా వీధిలో ఎవరిదో పాతకాలపు కారు దగ్గి దగ్గి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. కుర్రాళ్ళు చుట్టూ చేరి బ్యాటరీ అన్నారు, ఇంకేదో అన్నారు. కార్బురేటర్‌లో చెత్త పడిందిరా నాయనా అని నేను గుమ్మంలోంచే అనుకున్నాను. నాకెలా తెలుసంటారా? ఆ దగ్గుతో కాపురం చేసినదాన్ని.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. మావారు గోదావరి వైపు నుంచి ఆ ఉద్యోగానికొచ్చి కూర్మన్నపాలెంలో ఇల్లు తీసుకున్నారు. నా పుట్టిల్లు మల్కాపురం, మా అన్నయ్య పోర్టులో క్రేన్ నడిపేవాడు. రిటైరైన ఆఫీసరెవరో వదిలించుకున్న పాత కారుని మావారు మహా ముచ్చటపడి తెచ్చుకున్నారు. అది మొదలు ఆదివారం వస్తే చాలు, బావా బావమరుదులిద్దరికీ అదే గుడి, అదే పూజ. పోర్టు ఎర్రదుమ్మూ సముద్రపు గాలీ కలిసి దానికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు తెచ్చిపెట్టేవి. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి పంపేది కార్బురేటరనీ, దాని సన్నటి రంధ్రాలు పూడుకుపోతే బండి ఉబ్బసపు ముసలమ్మలా ఆయాసపడుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. విప్పిన ముక్కలన్నీ నా స్టీలు పళ్ళెంలో పెట్రోలు పోసి నానబెట్టేవారు. ఆ పళ్ళెం మళ్ళీ వంటింట్లోకి రాలేదు, నేను తిట్టని తిట్టూ లేదు.

అలాంటి ఇద్దరికీ మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్ళిలో చెడింది. భోజనాల మొదటి బంతిలో మా అన్నయ్య తన పైఅధికారిని కూర్చోబెట్టి, ఇంటల్లుడైన మావారిని రెండో బంతికి ఆపాడు. అంతే! గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. మా పాపకి చెవులు కుట్టించాలి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. ఈయన పిలవరు, పిలవందే వాడు రాడు. పిల్ల బోసి చెవులతో తిరుగుతుంటే, పక్కింటావిడ అడిగినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఇక నాకు పుట్టిల్లు లేనట్టేనా అని బెంగ పట్టుకుంది.

ఒక ఆదివారం మావారు ఒక్కరే కార్బురేటర్ విప్పి, కడిగి, రంధ్రాలు నోటితో ఊది బిగించారు. అయితే కడగడం ఒక ఎత్తు, కుదర్చడం ఒక ఎత్తు. ఒకరు లోపల కూర్చుని ఇంజను ఆగిపోకుండా పెడల్ మీద కాలు ఒకే తీరున నిలపాలి, ఇంకొకరు బయట శబ్దం వింటూ స్క్రూ తిప్పాలి. నన్ను కూర్చోబెట్టారు. నేను తొక్కితే అది ఏనుగులా ఘీంకరించేది, వదిలితే ఠక్కున ఆగేది. ఆయన నన్ను తిట్టడం, నేను పెడల్‌ని తిట్టడం. సరిగ్గా అప్పుడే మా అన్నయ్య చేపలు పట్టుకొచ్చాడు. మాటల్లేకపోయినా నాకు చేపలివ్వడం మానలేదు పాపం, గేటు దగ్గరే ఇచ్చి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు నేను సంచీ అందుకోలేదు. నా వల్ల కావట్లేదు, వచ్చి కూర్చోమన్నాను. ఆ కారంటే వాడికీ ప్రాణమే, వచ్చి కూర్చున్నాడు.

"మీ అన్నయ్యని కాస్త తొక్కమను" అన్నారీయన, తల ఎత్తకుండా.

"ఎంత తొక్కాలో ఏటో మీ ఆయన్నడుగమ్మా" అన్నాడు వాడు.

నేను ఇటు చెప్పి అటు తిరిగేలోగా ఇంజను ఆగిపోయేది. మళ్ళీ మొదలు. నా గొంతు పోయింది. చివరికి శబ్దం కుదురుతూ కుదురుతూ మళ్ళీ జారిపోతుంటే మావారు తట్టుకోలేక అరిచేశారు, "బావా! అక్కడే ఉంచు, కదపకు!"

"ఉంచినాను బావా, నువ్వు తిప్పు!"

ఇంజను సన్నగా, హాయిగా పాడింది. ఇద్దరికీ అప్పుడు తెలిసింది, నోరు జారామని. నేను నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తి, ఎందుకో ఏడ్చేశాను. చేతులు తుడుచుకుంటూ మావారు, గురువారం పాపకి చెవులు కుట్టిద్దామనుకుంటున్నాం, వస్తావా అని అడగడం వంటింట్లోంచి విన్నాను.

"నాను రాకపోతే నా మేనకోడలు ఊరుకుంటదేటి?" అన్నాడు మా అన్నయ్య.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఇప్పటి కార్లలో కార్బురేటరూ లేదట. మా అబ్బాయీ మా అల్లుడూ ఏదో మాట పట్టింపుతో పలకరించుకోవడం మానేసి చాలాకాలమైంది. ఇద్దరివీ మంచి కార్లు, ఒక్కనాడూ మొరాయించవు, ఒకరి సాయం ఒకరికి అక్కర్లేదు. రోజూ దీపం పెట్టి, ఆ రెంటిలో ఒక్కటైనా నా గుమ్మం ముందు చెడిపోవాలని మొక్కుకుంటున్నాను.