నెగెటివ్ ఏరియాలో మూడు సెంట్లు

కోటిరత్నానికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. వెలగలపాడు ఆరోగ్య కేంద్రంలో ఆమెతో పాటు ఏఎన్‌ఎంగా పనిచేసే శ్రీరమ్య, ఈమె అన్నం కూడా నిలబడే తింటుందని నవ్వుతుంది. టీకాల రోజొస్తే చాలు, డబ్బా భుజాన వేసుకుని మిరప చేల గట్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోతుంది. కాయ కోతకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గుడారాలు వేసుకున్న కూలీల్లో పసిపిల్లల తల్లులెవరో వెతికి, బిడ్డలకు సూదులు వేసి, పొద్దు వాలాక తిరిగొస్తుంది.

ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. ఇద్దరికీ ఒకటే జీతం, అది పడేది కూడా ఒకే బ్యాంకులో. నిరుడు దసరా వెళ్లాక ఇద్దరికీ ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది. ఇద్దరూ కలిసే ఒక సోమవారం బ్యాంకుకు వెళ్లి, పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఇరవై లక్షల చొప్పున అప్పుకు కాగితాలు పెట్టారు.

శ్రీరమ్య వాళ్ల స్థలం పెద్ద బజారులో ఉంది. తరతరాలుగా వ్యవసాయం చేసిన కుటుంబం వాళ్లది. కోటిరత్నం స్థలం కాలువ అవతల ఎస్సీ కాలనీలో ఉంది. కాగితాల్లోనే అది కాలనీ, ఊళ్లోవాళ్ల నోట ‘పల్లె’. రెండు స్థలాలకూ మధ్య నడిచి వెళ్తే ఐదు నిమిషాలు. కోటిరత్నానిది తాకట్టుకు చిక్కులొచ్చే ప్రభుత్వ పట్టా కూడా కాదు. ఆమె మామగారు ముప్పై ఏళ్ల కిందట పచ్చాకును వేడికి ఎండబెట్టే పొగాకు బ్యారన్‌లో రాత్రనక పగలనక పనిచేసి, ఒక రైతు దగ్గర మూడు సెంట్లు కొని, రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. ఆ దస్తావేజు చూసి బ్యాంకు లాయరు కూడా అంతా సవ్యంగా ఉందని రాసిచ్చాడు.

శ్రీరమ్యకు ఇరవై మూడు రోజుల్లో అప్పు మంజూరైంది. కోటిరత్నానికి ఏ కబురూ లేదు.

ఆమె ఐదుసార్లు బ్యాంకుకు వెళ్లింది. మేనేజరు మర్యాదస్తుడే. ప్రతిసారీ కూర్చోమనేవాడు, మంచినీళ్లు తెప్పించేవాడు. మొదట ఫైలు నడుస్తోందన్నాడు. తర్వాత పైవాళ్ల దగ్గర ఆగిందన్నాడు. నాలుగోసారి, కావాలంటే జీతం మీద పర్సనల్ లోను ఇస్తాను, వడ్డీ కాస్త ఎక్కువ పడుతుంది అన్నాడు. ఐదోసారి తల కూడా ఎత్తకుండా, మీకు కుదరదమ్మా అన్నాడు. ఎందుకు కుదరదో చెప్పలేదు.

అప్పటి నుంచి ఆమెకు స్థిమితం పోయింది. వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. జీతం స్లిప్పు తీసి చూసుకునేది. పాత డ్వాక్రా అప్పు కంతులు గుర్తు చేసుకునేది. ఒక్కటి కూడా తప్పలేదు. మరి తన దగ్గర ఏముంది తప్పు? ఆ ప్రశ్న టీకాలకు వెళ్తే వెంట నడిచేది, ఇంటికొస్తే గుమ్మంలో ఎదురయ్యేది.

సమాధానం ఒక చంటిబిడ్డ పుణ్యమా అని తెలిసింది. ఇళ్లు చూసి రిపోర్టు రాయడానికి బ్యాంకు తరఫున తిరిగే లక్ష్మీకాంత్ అనే కుర్రాడు మూడు నెలల కూతురికి టీకా వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. కోటిరత్నం అతన్ని గుర్తుపట్టింది. తమ ఇంటికి వచ్చిన రోజున బండి దిగకుండా, రోడ్డు మీద నుంచే రెండు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయినవాడు అతనే. ఆమె టీకా డబ్బా తెరిచింది. బిడ్డకు సూది వేసింది, జ్వరం వస్తే ఎన్ని చుక్కలు పోయాలో చెప్పింది. అతనే వెళ్లబోతూ వెనక్కి వచ్చాడు.

“మీ గురించి చెడుగా ఏమీ రాయలేదు మేడమ్. ఫారంలో ఏరియా అని ఒక గడి ఉంటుంది. మీ కాలనీ నెగెటివ్ లిస్టులో, అంటే అప్పులివ్వని చోట్ల లిస్టులో ఉంది. అక్కడ టిక్కు పెట్టాల్సిందే. ఆ లిస్టు నేను తయారుచేసింది కాదు.”

“ఏరియా అంటే ఎవరు బాబూ? మేమే కదా,” అంది కోటిరత్నం.

అతను బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆమె భర్త యలమంద ఎండుమిర్చి కుక్కిన టిక్కీలు గుంటూరు యార్డుకు తోలే మినీ లారీ డ్రైవరు. గొడవలంటే పడని మనిషి. బ్యాంకు కాకపోతే ఫైనాన్సు కంపెనీ ఉంది, కాలనీలో సగం ఇళ్లు వాళ్ల అప్పుతో కట్టినవే, మనమూ అక్కడే తీసుకుందాం అన్నాడు. ఆ కంపెనీ వాళ్లు ఏరియా అడగరు. ఏడాదికి నూటికి పదిహేడు వడ్డీ మాత్రం అడుగుతారు. బ్యాంకులో అయితే ఎనిమిదిన్నర.

ఫార్మసీ చదువుతున్న కూతురు హారిక ఫోనులో లెక్క కట్టి చూపించింది. అదే ఇరవై లక్షలు, అదే పదిహేనేళ్లు. నెలకు పదకొండు వేలు తేడా. మొత్తం మీద ఇంచుమించు ఇంకో ఇరవై లక్షలు. కోటిరత్నం ఫోను అందుకుని ఆ అంకె మళ్లీ చదివింది. శ్రీరమ్య ఒక ఇంటి ఖరీదు కట్టే చోట తాను రెండు ఇళ్ల ఖరీదు కట్టాలి. చేతికొచ్చేది మాత్రం ఒక్క ఇల్లే. ఆ రెండో ఇల్లు హారిక పైచదువు కావచ్చు, ఒక ఎకరం పొలం కావచ్చు. కాలనీలో రేకుల ఇళ్లు రేకుల ఇళ్లుగానే ఎందుకు ఉండిపోయాయో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. తాగుడు వల్లా, పొదుపు తెలియకా అని ఊళ్లో చెప్పుకునే మాటలన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మరునాడు ఆమె శ్రీరమ్యను అప్పు కాగితాల నకళ్లు అడిగింది. మంజూరు పత్రం, స్థలం విలువ కట్టిన రిపోర్టు. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే ఎవరూ కాదనలేరని ఆమె ఆలోచన. శ్రీరమ్య ముఖం చిన్నబోయింది. వాళ్లాయన బాబాయికి ఆ మేనేజరుతో రాకపోకలున్నాయి. ఇంటి పని ఇంకా పునాది దగ్గరే ఉంది, రెండో విడత డబ్బు రావాలి. ఆలోచించి చెప్తానంది. రెండు రోజులు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని రిజిస్టర్లు రాసుకున్నారు. మాటల్లేవు. స్నేహం కూడా పోయినట్టేననీ, అడగకుండా ఉండాల్సిందనీ కోటిరత్నం మూడో రోజు పొద్దున్నుంచీ తనను తాను తిట్టుకుంటూ తిరిగింది.

మధ్యాహ్నం శ్రీరమ్య ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“మా ఇంట్లో గొడవైంది. అయితే అయింది,” అంది. “నా పేరు మాత్రం కొట్టెయ్యొద్దు రత్నం. కొట్టేస్తే ఎవరి కాగితాలో తెలియదు, విలువుండదు.”

కోటిరత్నానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా కవరు విప్పే పనిలో పడింది.

ఆ రిపోర్టులో పెద్ద బజారు స్థలానికి సెంటు ఆరు లక్షలని రాశారు. అప్పు కాదన్న వాళ్లకు కారణాన్ని కాగితం మీద ఇవ్వాల్సిన బాధ్యత ఉందని హారిక ఎక్కడో చదివి చెప్పింది. కోటిరత్నం అర్జీ రాసి బ్యాంకుకు పట్టుకెళ్లింది. నోటితో చెప్పాను కదమ్మా అన్నాడు మేనేజరు. నోటితో చెప్పింది నాకు వినబడింది సార్, పైవాళ్లకు వినబడాలంటే కాగితమే కావాలి అంది ఆమె. అర్జీ అందినట్టు ముద్ర వేసేదాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. ఆ రోజు మాత్రం ఆమె ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

మూడు వారాలకు ఒకటిన్నర లైను ఉత్తరం వచ్చింది. ‘తనఖాకు చూపిన ఆస్తి సంతృప్తికరంగా లేదు.’ ఆమె దాన్ని, శ్రీరమ్య కాగితాలను, లాయరు రాసిచ్చిన అభిప్రాయాన్ని కలిపి బ్యాంకు పై ఆఫీసుకు పంపింది. నెల దాటినా పలుకు లేకపోయేసరికి రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి అర్జీ పెట్టింది. ఈలోగా ఊరు తిరిగింది. కాలనీలో ఎనిమిది ఇళ్లవాళ్లు ఇలాగే నోటి మాటతో వెనక్కి వచ్చారని తేలింది. తొమ్మిదో మనిషి మసీదు బజారులో కుట్టుమిషన్లు నడిపే జానీబీ. ఆమె ఇద్దరు ఆడవాళ్లకు జీతం ఇచ్చి పని చేయిస్తుంది, సొంత గది కట్టుకుందామంటే కుదరదన్నారు. మసీదు బజారు కూడా ఆ లిస్టులో ఉందని వాళ్లకు అప్పుడే తెలిసింది. కోటిరత్నం అందరి చేతా అర్జీలు రాయించింది. రాయించడం సులువు, వాళ్లను బ్యాంకు మెట్లెక్కించడమే కష్టమైంది. ఉన్న జీతం ఖాతాకు ఏం ఎసరొస్తుందోనని యలమంద రోజూ భయపడేవాడు. అయినా అర్జీలిచ్చే రోజున లారీ తీసి అందర్నీ దింపి వచ్చింది అతనే.

నాలుగు నెలలకు ఒంగోలు నుంచి బ్యాంకు తరఫున స్థలం విలువ కట్టే ఇంజినీరు వచ్చాడు. ఈయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. టేపుతో కొలిచాడు. దస్తావేజు చదివాడు. ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఇంకో పద్దెనిమిది రోజులకు అప్పు మంజూరైంది. ఇరవై కాదు, పద్నాలుగు లక్షలు. వడ్డీ మాత్రం శ్రీరమ్యకు వేసినంతే. ఇంతకుముందు ఎందుకు కాదన్నారో, ఎవరిది పొరపాటో ఏ ఉత్తరంలోనూ లేదు. లిస్టు మాట ఎవరూ ఎత్తలేదు. మేనేజరు మామూలుగానే కూర్చోమని, సంతకాలు పెట్టించుకుని, శుభాకాంక్షలు చెప్పాడు.

మేడ మీద అనుకున్న గది మానుకుని రెండు గదులు, వంటిల్లు, వరండాతో ఇల్లు లేచింది. శ్లాబు వేసిన రోజు శ్రీరమ్య పనిమానుకుని వచ్చి, కూలీలకు భోజనాలు వడ్డించింది. ఆమె భర్త రాలేదు. అతని బాబాయి ఇప్పటికీ కోటిరత్నం ఎదురైతే పక్కకు చూస్తాడు.

గృహప్రవేశం అయిన వారానికి ఆ ఇంజినీరు రిపోర్టు నకలు చేతికొచ్చింది. సెంటు రెండు లక్షలా పాతిక వేలని రాశాడు; అప్పు పద్నాలుగు లక్షల దగ్గర ఆగింది అందుకే. ఆయన అబద్ధం రాయలేదని ఆమెకు తెలుసు. కాలనీలో స్థలం అమ్మకానికి పెడితే ఊళ్లోవాడెవడూ కొనడు, కొనేవాడు లేనిచోట ధర పెరగదు. అదే ఇటుక, అదే సిమెంటు, అదే మేస్త్రీ. రేపు హారిక చదువుకు ఈ ఇంటిని తాకట్టు పెట్టబోతే శ్రీరమ్య ఇంటికి వచ్చేదాని దరిదాపుల్లో కూడా రాదు. దీనికి ఎవరికి అర్జీ పెట్టాలో మాత్రం ఆమెకు తోచలేదు. కొత్త వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే, ఇప్పుడైనా కాసేపు కూర్చోవచ్చు కదా అన్నాడు యలమంద.

ఆమె అర్జీలు రాయించిన తొమ్మిది మందిలో ఇప్పటికి నలుగురికే అప్పు వచ్చింది. జానీబీ స్థలం చూడటానికి గురువారం మనిషి వస్తున్నాడని ఫోను వచ్చింది. ఆ రోజుకు కోటిరత్నం పూటసెలవు రాసి, వచ్చేవాడు ఇంట్లోకి రాకుండా ఫొటో తీసుకుని పోతాడేమోనన్న అనుమానంతో గంట ముందే మసీదు బజారుకు బయల్దేరింది.